కీమో వార్డులో ఉండవలసిన మనిషి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల గౌరవనీయ మంత్రివర్యులకు,

క్యాన్సరు పుట్టిన అవయవాన్ని దాటి ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకినప్పుడు, లేదా పుట్టినచోటనే శస్త్రచికిత్సకు లొంగనంతగా పెరిగిపోయినప్పుడు వైద్యులు దాన్ని ముదిరిన క్యాన్సరు అంటారు; ఆస్పత్రి వరండాల్లో కూర్చున్న బంధువులు నాలుగో స్టేజీ అంటారు. పూర్తిగా నయం చేయడం సాధారణంగా సాధ్యం కాకపోయినా, మందులతోనూ, కరెంటు పెట్టడమని జనం చెప్పుకునే రేడియేషన్‌తోనూ నెలల తరబడి, కొన్ని రకాల్లో ఏళ్ళ తరబడి అదుపులో ఉంచగలిగిన ఈ దశలో రెండు రాష్ట్రాల్లోనూ వేలాదిమంది ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. వారి కణితిని కొలవడానికి స్కానింగు ఉంది, రక్తం చూడడానికి ల్యాబు ఉంది, కీమో మందు ఎక్కించడానికి వార్డు ఉంది, ఖర్చు భరించడానికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. వారి భయాన్ని, దిగులును, అప్పును, ఇంట్లో మొదలైన ముభావాన్ని అడిగి తెలుసుకునే బాధ్యత గల ఉద్యోగి మాత్రం చాలాచోట్ల లేడు. ఆ లోటును దానధర్మంగా కాక చికిత్సలో భాగంగా, అదీ చికిత్స సాగుతున్న రోజుల్లోనే పూరించాలని కోరడానికే ఈ లేఖ.

ఈ కోరిక ఇప్పుడు మరింత అవసరం కావడానికి కారణం వైద్యం సాధించిన ప్రగతే. ఎముకలకు పాకిన రొమ్ము క్యాన్సరుతో హార్మోను మాత్రలు వేసుకుంటూ ఏళ్ళపాటు ఇంటిపని, పొలంపని చేసుకుంటున్న స్త్రీలు నేడు అరుదు కాదు. ఊపిరితిత్తుల క్యాన్సరులో జన్యుమార్పును గుర్తించి దానికి తగిన మాత్ర ఇస్తే, కొందరి విషయంలో, ఒకప్పుడు నెలల్లో లెక్కించిన ఆయుర్దాయం ఏళ్ళలోకి మారింది. అంటే నయమైపోయిందని ఊపిరి పీల్చుకోలేని, మరణం ముంగిట్లో ఉన్నామనీ చెప్పలేని ఒక సుదీర్ఘమైన మధ్యకాలం ఏర్పడింది. అనేక మందుల విషయంలో ఈ కాలం ఇరవయ్యొక్క రోజుల వాయిదాలతో నడుస్తుంది: మందు ఎక్కిన తరువాత వారం పది రోజులు నీరసం, వాంతులు, నోటిపూత; ఆపై కొన్ని రోజులు మనిషి మనిషిలా ఉండడం; అంతలోనే మళ్ళీ వాయిదా. మూడు నెలలకోసారి స్కానింగు, దాని రిపోర్టు చేతికొచ్చేదాకా నిద్రలేని రాత్రులు. మందు పనిచేయడం మానేసిందని తెలిసిన రోజున వేరే మందు మొదలవుతుంది, దానితోపాటే కొత్త ఆశ, కొత్త భయం మొదలవుతాయి. 2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది సుమారు 14 లక్షల మంది కొత్తగా క్యాన్సరు బారిన పడ్డారు, తొమ్మిది లక్షలకు పైగా మరణించారు. జబ్బు ముదిరాక గాని ఆస్పత్రి గడప తొక్కనివారు మనదేశంలో ఎక్కువ గనుక, ఈ మధ్యకాలంలో జీవించేవారి సంఖ్యను చిన్నదిగా తీసుకోవడానికి వీల్లేదు.

మనోసామాజిక సహాయం అనే మాటకు ఇక్కడ ఉద్దేశించిన అర్థం ఓదార్పు కాదు. రోగి మనఃస్థితిని క్రమపద్ధతిలో అడిగి తెలుసుకోవడం, కుంగుబాటును, ఆందోళనను గుర్తించి మాటతోనో, మందుతోనో, రెంటితోనో చికిత్స చేయడం, జబ్బు గురించిన నిజాన్ని రోగి కోరినంత మేరకు, తట్టుకోగలిగిన రీతిలో చెప్పడం, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడడం, ప్రయాణం, కూలి, పింఛను, పిల్లల చదువు వంటి చిక్కులకు ప్రభుత్వంలో ఉన్న దారులు చూపడం, ఇవన్నీ కలిసినదే ఆ సహాయం. 1967లో లండన్‌లో మరణానికి చేరువైన రోగులను ఆదరించే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, క్యాన్సరు రోగి నొప్పికి శరీరం, మనసు, సంఘ సంబంధాలు, ఆధ్యాత్మికత అనే నాలుగు ముఖాలున్నాయనీ, వాటిని విడదీసి ఒకదానికే మందిస్తే నొప్పి తగ్గదనీ గ్రహించి ఆ మొత్తానికి సంపూర్ణ వేదన అని పేరు పెట్టారు. 1977లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో జిమ్మీ హాలండ్ అనే వైద్యురాలు క్యాన్సరు రోగుల కోసమే మానసిక వైద్య విభాగాన్ని మొదలుపెట్టడంతో సైకో ఆంకాలజీ ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకుంది. అంటే ఈ లేఖ అడుగుతున్నది కొత్తగా కనిపెట్టవలసిన విద్యను కాదు, దాదాపు అరవై ఏళ్ళుగా ప్రపంచంలో ఆచరణలో ఉన్నదాన్నే.

దీనివల్ల ప్రయోజనం ఏమిటని ఆర్థిక శాఖ అడగడం న్యాయమే గనుక ఆధారాలను దాపరికం లేకుండా చెప్పాలి. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జెన్నిఫర్ టెమెల్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సరు పాకిన 151 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మామూలు క్యాన్సరు చికిత్స మాత్రమే, మరొక వర్గానికి దానితోపాటు మొదటినుంచీ ఉపశమన వైద్య బృందం సహాయం అందేలా చేసింది. ఉపశమన వైద్యమంటే జబ్బును తొలగించడం కాక బాధను తగ్గించడమే లక్ష్యంగా గల వైద్యం. 2010లో వెలువడిన ఫలితాల్లో, మొదటి వర్గంలో 38 శాతం మందికి కుంగుబాటు లక్షణాలుండగా రెండో వర్గంలో 16 శాతానికే ఉన్నాయి; రెండో వర్గంవారికి చివరి రోజుల్లో దూకుడు చికిత్సలు తక్కువగా జరిగినా, వారి జీవితకాలపు మధ్యస్థ విలువ 8.9 నెలలకు బదులు 11.6 నెలలైంది. అయితే ఆయుష్షు పెరుగుతుందన్న ఆశ చూపి ఈ సహాయాన్ని అమ్మకూడదు. 1989లో డేవిడ్ స్పీగెల్ 86 మంది రొమ్ము క్యాన్సరు రోగులపై చేసిన పరిశోధన, బృందంగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నవారు ఎక్కువకాలం బతికారని చెప్పి సంచలనం కలిగించింది గాని, 2001లో కెనడాలో 235 మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షులో తేడా కనబడలేదు. మానసిక బాధ, నొప్పి మాత్రం తగ్గాయి, అదీ మొదట ఎక్కువ బాధపడుతున్నవారిలో ఎక్కువగా తగ్గాయి. ధైర్యంగా ఉంటే క్యాన్సరు తగ్గిపోతుందని చెప్పే మాటల వల్ల రోగులకు జరిగే హాని చిన్నది కాదు; జబ్బు పెరిగినప్పుడు తన మనోబలం చాలకే పెరిగిందని రోగి తననే నిందించుకుంటాడు. బాధ తగ్గడమే ఈ సహాయానికి చాలినంత ప్రయోజనం, మరొక సమర్థన అక్కర్లేదు.

టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ ఆస్పత్రిలో గేరీ రోడిన్ బృందం రూపొందించిన ఒక పద్ధతి మన పరిస్థితికి ప్రత్యేకంగా పనికొస్తుంది. ముదిరిన క్యాన్సరుతో ఉన్నవారితో మూడు నుంచి ఆరు సార్లు మాత్రమే కూర్చుని, బాధల అదుపు గురించీ, వైద్యులతో మాట్లాడవలసిన తీరు గురించీ, తనలోనూ ఆత్మీయులతోనూ వచ్చిన మార్పు గురించీ, బతుకులో విలువైనదేమిటన్నదాని గురించీ, రాబోయే రోజుల గురించీ, మరణం గురించీ తొందరపెట్టకుండా మాట్లాడడమే ఆ పద్ధతి. 305 మందిపై పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో కుంగుబాటు లక్షణాలు మూడు నెలలకూ, ఆరు నెలలకూ తగ్గినట్టు తేలింది. ఈ సంభాషణలను మానసిక వైద్యులే కాక శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు కూడా నడపగలగడం, మానసిక వైద్యుల కొరత ఉన్న మన జిల్లాలకు గమనించదగిన విషయం.

క్యాన్సరు రోగుల్లో కుంగుబాటు సుమారు ఆరుగురిలో ఒకరికి జబ్బు స్థాయిలో ఉంటుందనీ, ఆందోళన, సర్దుకోలేకపోవడం వంటి ఇతర మానసిక ఇబ్బందులను కూడా కలిపితే మూడోవంతుకు చేరుతుందనీ అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలు చెబుతున్నాయి. అయినా కుంగుబాటు ఆస్పత్రి ఫైళ్ళలో అరుదుగా కనబడుతుంది. దీనికి రోగులు చెప్పుకోకపోవడం ఒక కారణమైతే, లక్షణాలు కలిసిపోవడం మరొకటి. ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, నీరసం కుంగుబాటుకు లక్షణాలే, కీమో దుష్ప్రభావాలు కూడా. అందుచేత వార్డులో ఇవి మందు ప్రభావం కింద జమ అయిపోతాయి. అనుభవం గల వైద్యులు అందుకే శరీరాన్ని పక్కనబెట్టి మనసును అడుగుతారు: మనవడు వచ్చి ఒళ్ళో కూర్చున్నా సంతోషం కలగడం లేదా, తన వల్ల ఇంటిల్లిపాదీ పాడైపోతున్నారన్న ఆలోచన వదలడం లేదా, తెల్లవారకపోతే బాగుండుననిపిస్తోందా అని. పోతే అందరికీ పీడా వదులుతుందన్న మాటను వార్డులో రోగి అన్నప్పుడు చుట్టూ ఉన్నవారు అలా అనకూడదని వారిస్తారు, రోగి ఊరుకుంటాడు, చికిత్స కావలసిన ఒక లక్షణం అక్కడితో మూతపడుతుంది.

మానసిక బాధగా కనబడేదంతా మనసులోనే పుట్టదన్న సంగతి కూడా ఈ పనికి నిపుణత ఎందుకు కావాలో చెబుతుంది. వాంతులు ఆపడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ అనే మందు కొందరిలో ఒకచోట కుదురుగా కూర్చోనివ్వని విచిత్రమైన అలజడి కలిగిస్తుంది. కాళ్ళు ఆడిస్తూ, లేస్తూ, కూర్చుంటూ ఉన్న ఆ రోగిని భయపడుతున్నాడని పొరబడితే ధైర్యవచనాలు చెబుతారు, మందు మారిస్తే చాలునని తెలిసినవారు మందు మారుస్తారు. కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది, ఉదయమే వేసుకుంటే చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది. రొమ్ము క్యాన్సరుకు టామోక్సిఫెన్ వాడుతున్న స్త్రీకి కుంగుబాటు తగ్గించడానికి పెరాక్సెటిన్ గాని ఫ్లూక్సెటిన్ గాని ఇస్తే, టామోక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే కాలేయపు ఎంజైమును ఆ మందులు అడ్డుకుంటాయి గనుక వేరే మందును ఎంచుకోవడం మంచిది. మానసిక వైద్యం ఒక భవనంలో, క్యాన్సరు వైద్యం మరొక భవనంలో, ఒకరి చీటీ మరొకరు చూడకుండా సాగితే ఇటువంటి పొరబాట్లు జరగడానికి ఆస్కారం ఎక్కువ.

రోగి మనఃస్థితిని అడిగి తెలుసుకోవడానికి పెద్ద యంత్రాంగం అవసరం లేదు. జ్వరమాపకం బొమ్మలా నిలువుగా గీసిన ఒక గీతపై సున్నా నుంచి పది వరకు అంకెలు వేసి, గడిచిన వారంలో మనసు ఎంత కష్టపడిందో వేలితో చూపమని రోగిని అడిగే పద్ధతి అమెరికాలో 1990ల చివరినుంచీ ఉంది. నాలుగు గాని, అంతకు మించి గాని చూపితే ఎవరో ఒకరు కూర్చుని వివరంగా మాట్లాడాలన్నది నియమం. ఆ గీత పక్కన డబ్బు, ప్రయాణం, పిల్లలు, భార్యాభర్తల సంబంధం, నిద్ర, నొప్పి, దేవుడిపై నమ్మకం వంటి అంశాల జాబితా ఉంటుంది, ఏది బాధిస్తోందో దానిపై టిక్కు పెడతారు. చదువురాని రోగికి నర్సు చదివి వినిపిస్తే రెండు మూడు నిమిషాల పని. దీన్ని శ్రీకాకుళం రోగికి ఒక తెలుగులో, పాలమూరు రోగికి మరొక తెలుగులో, పాతబస్తీ రోగికి ఉర్దూలో, ఆదిలాబాద్ అడవి నుంచి వచ్చినవారికి గోండిలో అడగగలిగేలా తయారుచేయడం విశ్వవిద్యాలయాల భాషా, మనస్తత్వ శాఖలు కలిసి చేయగలిగిన పని. అడిగిన తరువాత స్పందించే మనిషి లేకపోతే మాత్రం అడగకపోవడమే నయం. గాయాన్ని విప్పి కట్టు కట్టకుండా పంపినట్టవుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ఈ రంగంలో పనిచేసేవారు అన్నిటికంటె ఎక్కువగా ఎదుర్కొనే సమస్య నిజాన్ని దాచడం. పేషెంటుకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ అని కొడుకో, అల్లుడో, తమ్ముడో ముందుగా గదిలోకి వచ్చి చేతులు జోడించి అడగడం ప్రతి క్యాన్సరు ఆస్పత్రిలోనూ నిత్యం జరిగేదే. ఆ కోరిక వెనుక ప్రేమే ఉంది, దాన్ని అజ్ఞానమని ఈసడించేవారు ఆ ఇళ్ళను ఎరగనివారు. తండ్రికి తెలిస్తే ముద్ద ముట్టడనీ, తల్లికి తెలిస్తే ఆ రోజే మంచం పడుతుందనీ కుటుంబం నిజంగానే నమ్ముతుంది. అయితే ఆస్పత్రి బోర్డుపైనే జబ్బు పేరు రాసి ఉంటుంది, పక్క మంచం మీది రోగికి అదే మందు ఎక్కుతూ ఉంటుంది, తల వెంట్రుకలు రాలిపోతాయి; రోగికి తెలియకుండా ఉండడం దాదాపు జరగదు. తెలిసీ, తెలిసినట్టు చెబితే పిల్లలు బాధపడతారని రోగి దాస్తాడు. చెబితే తండ్రి బాధపడతాడని పిల్లలు దాస్తారు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో రెండు పక్షాలవారూ నటిస్తూ, ఎక్కువ మాట్లాడుకోవలసిన నెలల్లోనే మాటలు తగ్గించుకుంటారు.

దీని ఫలితాలు మనోభావాలతో ఆగవు. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరిట మార్చాలో, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరో, చిన్నకూతురి పెళ్ళి ఈ మాఘంలోనే చేయాలో వచ్చే ఏడాదికి ఆపాలో, ఎవరి దగ్గర ఎంత చేబదులుందో, ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములను పిలిపించాలో వద్దో, ఇవన్నీ ఆ మనిషే తేల్చవలసినవి, తేల్చడానికి శక్తి ఉన్న రోజులు చికిత్స సాగుతున్న ఈ మధ్యకాలపు రోజులే. నిజం దాగితే ఈ పనులన్నీ చివరి వారానికి మిగులుతాయి, అప్పటికి రోగికి స్పృహ ఉండకపోవచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ ఇటువంటి చోట కుటుంబాన్ని తప్పుపట్టకుండా, వారికేమి భయమో మొదట వింటారు; దాచడంవల్ల వారే ఎంత అలసిపోతున్నారో వారిచేతనే చెప్పిస్తారు; తరువాత రోగిని, జబ్బు గురించి తనకేమి అర్థమైందో, ఇంకా ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నాడో, వివరాలు తనకు చెప్పాలో మరెవరికైనా చెప్పాలో అడుగుతారు. కొందరు తమకేమీ చెప్పవద్దనీ, అంతా పెద్దకొడుకు చూసుకుంటాడనీ అంటారు. అది కూడా రోగి హక్కే, దాన్ని గౌరవించాలి. కీడువార్తను దశలవారీగా ఎలా చెప్పాలో బోధించే ఒక ఆరంచెల పద్ధతిని అమెరికా, కెనడా వైద్యులు 2000లో ప్రచురించారు. మనదేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేక బోధన చేరింది. కాని ఓపీలో ఒక్కో వైద్యుడు వందమంది దాకా రోగులను చూడవలసి వచ్చేచోట పాఠం ఎంత చదివినా ముప్పావుగంట కూర్చునే వీలు ఉండదు. అందుకే కూర్చోవడమే ఉద్యోగంగా గల మనిషి కావాలి.

ఇక డబ్బు సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి శస్త్రచికిత్సను, కీమోను, రేడియేషన్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన ఆ మేలును ఎంత చెప్పినా తక్కువే. అయితే పథకం చెల్లించేది ఆస్పత్రికి, రోగి కుటుంబం పోగొట్టుకునేది మరొకచోట. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్‌కో, పాడేరు నుంచి విశాఖకో మూడు వారాలకోసారి ఇద్దరు వచ్చి వెళ్ళాలి, ఇద్దరి కూలీ పోతుంది, రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి అక్కడే ఉండాలి, గది దొరక్కపోతే చెట్టు కిందో, ఫుట్‌పాత్ మీదో వండుకుతినాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం రావడం వారికి నిజమైన ఊరట. చికిత్సకు వెళ్ళే క్యాన్సరు రోగికి రైలు స్లీపరు తరగతిలో పూర్తి ఛార్జీ రాయితీ ఉందనీ, వెంట వచ్చేవారికి కూడా అధికభాగం తగ్గుతుందనీ, దానికి ఆస్పత్రి ధ్రువపత్రం కావాలనీ ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. మందు మధ్యలో మానేసిన రోగుల్లో చాలామందిని మొండివారనుకుంటారు. వెతికితే దారిఖర్చుకు పుస్తె తాకట్టు పెట్టి, మళ్ళీ పెట్టడానికి ఏమీ మిగలనివారు కనబడతారు. వారిని వెతికి ఫోను చేయడం, కారణం కనుక్కోవడం, దారి చూపడం మనోసామాజిక సహాయంలో మొదటి పనుల్లో ఒకటి.

శరీరం మారినప్పుడు సంఘం మారుతుంది. పొగాకు, గుట్కా, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట వంటి అలవాట్ల వల్ల నోటి క్యాన్సరు మన ప్రాంతంలో విరివిగా ఉంది. దవడ తీయించుకున్న మనిషి మాట తెలియదు, చొంగ కారుతుంది, పెళ్ళి పంక్తిలో పక్కన కూర్చోవడానికి జనం జంకుతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ముదిరిన స్త్రీకి దుర్వాసనతో కూడిన స్రావం ఉంటుంది, ఆ వాసన కారణంగానే ఆమెను ఇంటి వెనుక వసారాలోకి మార్చినవారున్నారు; అంటువ్యాధి కాకపోయినా కంచం, గ్లాసు వేరుచేసినవారున్నారు. పుండుపై మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి చల్లితే వాసన చాలావరకు తగ్గుతుందని ఉపశమన వైద్యంలో పనిచేసే ప్రతి నర్సుకూ తెలుసు. కొద్ది రూపాయల ఆ మాత్ర ఆమెను తిరిగి వంటింట్లోకి, మనుమల దగ్గరకు తీసుకురాగలదు. మనోసామాజిక సహాయమంటే ఎప్పుడూ గదిలో కూర్చుని మాట్లాడడమే కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. భర్తకు క్యాన్సరు వస్తే భార్య వెంట ఉండడం, భార్యకు వస్తే ఆమెను పుట్టింటికి పంపేయడం కూడా మన ఊళ్ళలో కనబడేదే; ఆమెకు కావలసింది కౌన్సెలింగ్ ఒక్కటే కాదు, అవసరమైతే ఉచిత న్యాయసేవ కూడా.

కనిపెట్టుకుని ఉండేవారి గురించి ఎవరూ అడగరు. రాత్రిళ్ళు మేలుకుని, పగలు పనికి పోయి, గొట్టం ద్వారా జావ పోసి, బట్టలు మార్చే భార్యో కోడలో తన నడుము నొప్పికి డాక్టరును చూడదు. ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే వారికి ఏమీ తెలియదని పెద్దలు అనుకుంటారు, అమ్మ జబ్బు తన అల్లరి వల్లనే వచ్చిందని నమ్మే పిల్లలుంటారన్న సంగతి వారితో మాట్లాడితే గాని బయటపడదు.

ఈ రెండు రాష్ట్రాలు శూన్యం నుంచి మొదలుపెట్టవలసిన పనిలేదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థలో ఉపశమన వైద్య విభాగం ఏళ్ళుగా పనిచేస్తోంది. తెలంగాణలో చేవెళ్ళలో మొదలై జిల్లాలకు విస్తరించిన ఉపశమన వైద్య (పాలియేటివ్ కేర్) కేంద్రాలు, ఇళ్ళకు వెళ్ళే ‘ఆలన’ వాహనాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కేరళ ప్రభుత్వం 2008లోనే ఉపశమన వైద్య విధానాన్ని ప్రకటించి పంచాయతీలకు బాధ్యత అప్పగించింది. అంతకుముందు 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన ఉద్యమం ఊరివారికే శిక్షణనిచ్చి సేవకులుగా తీర్చిదిద్దింది. నొప్పికి మార్ఫిన్ దొరకడానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన చిక్కులను పార్లమెంటు 2014 సవరణతో చాలావరకు తొలగించింది. గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాల్లో అందించవలసిన విస్తృత సేవల్లో మానసిక ఆరోగ్యం, ఉపశమన వైద్యం రెండూ కేంద్ర ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ తెలుగులోనూ లభిస్తోంది.

లోపం ఎక్కడుందంటే, ఉపశమన విభాగానికి రోగిని పంపే సమయంలో. ఇక చేయగలిగిందేమీ లేదని తేలాక పంపుతారు గనుక ఆ విభాగం పేరు వింటేనే రోగులు హడలిపోతున్నారు, హడలిపోతున్నారు గనుక వైద్యులు ఇంకా ఆలస్యంగా పంపుతున్నారు. ఈ వలయం తెగాలంటే ఆ సేవ వేరే గదిలో కాక కీమో ఎక్కించే వార్డులోనే, మొదటి వాయిదా నాడే, అందరికీ ఒకేలా మొదలుకావాలి. నాలుగైదు గంటలు సెలైను స్టాండు పక్కన కదలకుండా కూర్చునే రోగికి, పక్కన స్టూలు మీద కూర్చునే బంధువుకు, మాట్లాడడానికి అంతకంటె తీరికైన సమయం దొరకదు.

అందుచేత రెండు ప్రభుత్వాలూ క్యాన్సరు చికిత్స చేసే ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోని కీమో ఎక్కించే డేకేర్ వార్డులోనూ ఒక సోషల్ వర్కర్ లేదా సైకాలజిస్టు పోస్టును కాంట్రాక్టుగా కాక శాశ్వతంగా మంజూరు చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయం వంటివాటి నుంచి సోషల్ వర్క్‌లో పీజీ పట్టా పొందిన యువతీయువకులు ఏటా బయటికి వస్తున్నారు. వారికి క్యాన్సరు వార్డులో కొన్ని నెలల ప్రత్యేక శిక్షణ ఇప్పించవచ్చు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవల కింద కీమో ప్యాకేజీ క్లెయిము చేసే ప్రతి ఆస్పత్రీ, ప్రైవేటుదైనా సరే, రోగి మానసిక బాధను కొలిచిన అంకెను, దానిపై తీసుకున్న చర్యను కేసుషీటులో చూపాలన్న నిబంధన పెట్టి, ఆ సేవకు ప్యాకేజీలో విడిగా కొంత మొత్తం కేటాయించాలి. డబ్బు చెల్లించని పనిని ఆస్పత్రులు చేయవు, ఇది ఎవరినీ నిందించడానికి అంటున్న మాట కాదు. రోగులందరికీ మానసిక వైద్యుడు అక్కర్లేదు: ఎక్కువమందికి నర్సు ఆదరంగా అడిగి వివరంగా చెప్పడం చాలు, కొందరికి కౌన్సెలర్ కావాలి, కొద్దిమందికి, ముఖ్యంగా ఆత్మహత్య ఆలోచన ఉన్నవారికి, మానసిక వైద్యుడు అదే రోజున చూసే ఏర్పాటు కావాలి, అది జిల్లాలో లేనిచోట టెలీ మానస్ ద్వారా జరగాలి. ఇంటికి చేరిన రోగి వివరం ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు రోగి సమ్మతితో అందాలి. ఊరూరా ఉన్న మహిళా పొదుపు సంఘాల నుంచి ఇష్టపడి ముందుకొచ్చేవారికి శిక్షణ ఇస్తే కేరళలో జరిగినది ఇక్కడా సాధ్యమే, బహుశా అంతకంటె తేలికగా సాధ్యం, ఎందుకంటే ఆ సంఘాలు ఇప్పటికే ఒకరి ఇంటి కష్టం మరొకరికి తెలిసిన సంఘాలు.

వీటన్నిటినీ ఒకేసారి చేయలేమని శాఖలు అనుకుంటే, పోస్టుల మంజూరుతో మొదలుపెట్టాలి. మిగిలినవాటిలో చాలా భాగం ఆ మనిషి వచ్చాక ఆ మనిషి ద్వారానే జరుగుతుంది. ఈ అంశంపై క్యాన్సరు వైద్యులు, ఉపశమన వైద్యులు, మానసిక వైద్యులు, నర్సులు, సోషల్ వర్కర్లు, చికిత్సలో ఉన్న రోగులు, వారి కుటుంబసభ్యులు ఉండే సంఘాన్ని రెండు రాష్ట్రాల్లోనూ వేసి, దాని సూచనలు అందేలోపే పెద్ద ఆస్పత్రుల్లోని పోస్టులకు ఉత్తర్వులు ఇచ్చి, రానున్న బడ్జెట్టులో ఆ జీతాలకు పద్దు చూపించవలసిందిగా మంత్రివర్యులిద్దరికీ సవినయ మనవి.